ఎర్ర గీత బందు

తనకన్నా తెలివైన మిషన్ అంటే యుగేందర్ అన్నకు కుళ్లని మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక మాట ఉంది. అందుకే తన టైపింగ్ షాపులో కంప్యూటర్లకు పుట్టుకతో వచ్చిన తెలివినంతా బందు పెట్టాడట.

బందు పెట్టిన మాట నిజమే. మేం టైపు కొట్టే ఎడిటర్ ప్రోగ్రాం మనకు నచ్చినట్టు మార్చుకోగలది. సెట్టింగుల్లో కూర్చుని, అది తనంతట తాను చేసే పనులన్నీ ఆపేశాడు. సగం మాట కొట్టగానే మిగతా సగం అందించడం బందు. తప్పనుకున్న మాటను మార్చెయ్యడం బందు. మాట కింద ఎర్ర గీత బందు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "దాన్ని ఎవలన్న అడిగిండ్రా?"

ఇంట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంటే కూస్తుందని ఆ కూత కూడా ఆపించాడు. ఆయన భార్య రజితక్క ఒకరోజు షాపుకొచ్చి, "నా నోటికి గూడ సెట్టింగ్ ఉన్నదేమోనని ఎతుకుతుండు, జర కనిపెట్టు చెల్లె" అని అక్కడ టైపు కొట్టే నాకు చెప్పి పోయింది.

నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినదాన్ని. పనిలో చేరిన రోజు, కొట్టిన ప్రతి మాట కిందా ఎర్ర గీత పడింది. బడిలో నా కాపీల మీద సార్లు దిద్దిన సిరా రంగే. పక్కన కూర్చున్న గిరాకీలు గీతలను, నన్ను మార్చి మార్చి చూశారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. ఇక రాకూడదనుకున్నాను. తెల్లారి అమ్మ తిట్టి పంపితే వచ్చాను. గీతలు లేవు. "దాన్ని ఎవలన్న అడిగిండ్రా?" అన్నాడు అన్న, నేను అడగకముందే. ఉండిపోయాను. ఆ వారంలోనే మిగతావీ పోయాయి.

మొన్న తండా నుంచి తారి అనే అవ్వ మనవడి పెళ్లి కార్డు కోసం వచ్చింది. అన్న చాయ్‌కు పోయాడు. నా మిషన్ ప్రింట్లు తీస్తుంటే, ఎప్పుడూ ముట్టని అన్న మిషన్ ముందు కూర్చున్నాను. కార్డు కొట్టి, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.

"దివ్య ఎవలు బిడ్డా?" అంది అవ్వ. "మా ముసలోని పేరు దేవ్యా. పోరన్ని పెండ్లికొడుకును జెయ్యిమంటే తాతను ఆడివిల్లను జేస్తివి."

మళ్లీ దేవ్యా అని కొట్టాను. నా కళ్ల ముందే దివ్య అయ్యాడు. మూడోసారి ఎట్లాగో నిలబడ్డాడు గానీ, కింద ఎర్ర గీత.

అన్న తిరిగి రాగానే అడిగాను. "అన్నా, నీ దాంట్ల అన్నీ నడుస్తున్నయేంది?"

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు. "నువ్వు కొట్టినయి ప్రింటుకు ముందు గీండ్ల ఏసి చూస్త చెల్లె. గీతలు పడ్డకాడ సదురుత."

స్టేషన్ రోడ్డుకు తెలియనిది ఇంతే. షాపులో మిషన్లు రెండు. బందు పెట్టింది నా దాంట్లోనే.