గ్రాఫిక్స్ కార్డులో ఎర్రటి నూగు

2022 జూన్‌లో నన్ను ఆదిలాబాద్ బ్రాంచి నుంచి కరీంనగర్ సర్వీస్ సెంటర్‌కు బదిలీ చేశారు. హోదా సీనియర్ కస్టమర్ ఇంజినీర్. పేరు ఘనంగా ఉంటుంది కానీ, పని మాత్రం కంప్యూటర్ ఆగిపోయిన ఇంటికి బ్యాగు వేసుకుని వెళ్లడమే. సీనియర్ అయినందుకు అదనంగా జూనియర్లకు పాఠాలు చెప్పాలి. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. ఇక కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదన్న నమ్మకంతో ఉన్నాను.

మా వృత్తిలో ప్రతి ఫిర్యాదునూ ‘కాల్’ అంటారు. ఒక్కో కాల్‌కు ఒక నంబరు, ఒక షీటు. షీటులో మూడు గడులుంటాయి: కస్టమర్ చెప్పింది, ఇంజినీర్ పరిశీలన, చేసిన పని. కింద సంతకం, కంపెనీ ముద్ర. తెల్ల కాగితం ఆఫీసుకు, గులాబీ రంగు నకలు కస్టమర్‌కు. నా ఉద్యోగకాలంలో ఇలాంటివి ఎన్ని రాశానో లెక్క లేదు. వాటిలో ఒకే ఒక్కటి ఊరి పంచాయితీలో సాక్ష్యం అయింది. అదీ తప్పుగా రాసింది.

చొప్పదండికి కొద్ది దూరంలోని ఒక ఊరి నుంచి ఆ కాల్ వచ్చింది. ఫిర్యాదు చేసింది లింగయ్య, రైతు. కంప్యూటర్ వాడేది ఆయన కూతురు సౌమ్య. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ఆమె అన్న శ్రీకాంత్ దోహాలో ఒక కంపెనీలో స్టోర్ కీపర్. అతనికి శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఒకే జట్టులో చేరి తుపాకుల ఆట ఆడతారు. హెడ్‌ఫోన్లలో ఇంటి సంగతులన్నీ అప్పుడే మాట్లాడుకుంటారు. వరినాట్ల కూలీలు దొరకని విషయం కూడా శత్రువులను కాలుస్తూనే చెప్పుకుంటారని సౌమ్య నాకు చాలా మామూలుగా చెప్పింది.

ఆట కొత్త వెర్షన్‌కు పాత కార్డు చాలక, అన్న అక్కడ కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని పంపాడు. తెర మీద బొమ్మలు గీసే పనంతా ఈ కార్డుదే. పంపింది కొరియర్‌లో కాదు. అదే కంపెనీలో డ్రైవరుగా పనిచేసే రాజేశం సెలవు మీద ఊరికి వస్తుంటే అతని చేతికిచ్చాడు. మా వైపు గల్ఫ్ నుంచి వచ్చే మనిషి సంచిలో సగం పక్కిళ్ల సామానే ఉంటుంది. మోసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు, ఎవరూ అడగరు. రాజేశం ఇల్లు లింగయ్య ఇంటికి మూడిళ్ల అవతల.

చొప్పదండిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం మనిషి వచ్చి కార్డు బిగించి వెళ్లాడు. ఆ రోజు నుంచి ఆట ఆగిపోవడం మొదలైంది. మెనూ బాగానే వచ్చేది. యుద్ధం మొదలై పొగ, మంటలు ఎక్కువ కాగానే తెర నల్లబడి మిషన్ తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది. ఒకసారి నాలుగు నిమిషాలకు, ఒకసారి పదికి. అవతల అన్న ‘హలో హలో’ అంటూ ఉండిపోయేవాడు.

నేను పద్ధతి ప్రకారమే మొదలుపెట్టాను. పాత కార్డు తాలూకు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేసి కొత్తది వేశాను. వేడి చూశాను, హద్దులోనే ఉంది. మెమరీ పరీక్ష పెట్టాను, పాసైంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి చూస్తే, కార్డుకు పవర్ ఇచ్చే ఎనిమిది పిన్నుల సాకెట్లు రెండింటిలోనూ వైర్లు గట్టిగా కూర్చుని ఉన్నాయి. వైర్లన్నీ ముచ్చటగా కట్టి వెనక్కి పంపించారు. దుకాణం మనిషి పనితనాన్ని మనసులో మెచ్చుకున్నాను కూడా. చివరికి పాత చిన్న కార్డు తిరిగి పెట్టి గంటసేపు ఆట నడిపించాను. బొమ్మలు నత్తనడక నడిచాయి కానీ ఒక్కసారీ ఆగలేదు. పాతది పెడితే నడుస్తోంది, కొత్తది పెడితే ఆగుతోంది. కాబట్టి తప్పు కొత్తదానిదే అనుకున్నాను.

నిజానికి ఇది సగం పరీక్షే. అనుమానం ఉన్న భాగాన్ని ఇంకో మంచి మిషన్‌లో పెట్టి చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు. ఈ సంగతి సర్వీస్ సెంటర్ గోడ మీద కాగితంపై రాసి అంటించి ఉంటుంది. రాసింది నేనే. ఆ రోజు నాకు ఇంకా రెండు కాల్స్ ఉన్నాయి.

దానికి తోడు కార్డు ఫ్యాన్ల రెక్కల్లో ఎర్రటి నూగు చుట్టుకుని కనిపించింది. అంతకుముందు బెల్లంపల్లిలో చాలాకాలం పనిచేశాను. అక్కడ ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము చూసి యంత్రం ఎన్నేళ్లదో చెప్పేవాణ్ని. ఆ విద్య మీద నాకు కొంచెం గర్వం ఉండేది. పరిశీలన గడిలో ఇలా రాశాను: ‘గ్రాఫిక్స్ కార్డులో లోపం. ఫ్యాన్లలో నూగు ఉంది. వాడిన కార్డు. బయట కొన్నది కాబట్టి సర్వీసు ఒప్పందం వర్తించదు.’ ముద్ర వేసి, గులాబీ కాగితం లింగయ్య చేతిలో పెట్టి, చాయ్ తాగి వచ్చేశాను.

ఆరో రోజు, సోమవారం పొద్దున, షటర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒకతను కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా. లేచి నమస్కారం పెట్టి తన పేరు రాజేశం అని చెప్పాడు.

“గా కాయితం రాసింది మీరేనా సార్?” అని అడిగాడు.

నేనే అన్నాను. అప్పుడు తెలిసింది, నా షీటు ఏం పని చేసిందో. శ్రీకాంత్ కొన్నది కొత్త కార్డు. ఇంటికి చేరింది వాడిన కార్డు అని కంపెనీ ముద్రతో కాగితం ఉంది. మధ్యలో మోసినవాడు ఒక్కడే. లింగయ్య ఆ కాగితం పెద్దమనుషుల ముందు పెట్టాడు. కార్డు మార్చలేదని వచ్చే ఆదివారం తడి బట్టలతో గుడి ముందు ప్రమాణం చేయాలని వాళ్లు రాజేశానికి చెప్పారు. చేయకపోతే మార్చినట్టే లెక్క.

“నేను తియ్యలే సార్. తియ్యనోన్ని ఎందుకు ప్రమాణం జెయ్యాలె? పదకొండిండ్ల సామాను దెచ్చిన. ఇప్పుడు గా పదకొండిండ్లోల్లు ఇంట్ల సంచులు ఇప్పి మల్ల మల్ల సూసుకుంటున్నరట. మా అవ్వ బయటికి పోతలేదు.”

తల్లి గురించి చెప్పేటప్పుడు కూడా అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. కంపెనీ మనిషిగా నేను అడగాల్సింది అడిగాను: కార్డు మీది నంబరు సరిచూడటానికి డబ్బా ఏది? శ్రీకాంత్ పంపిన బిల్లు మీద నంబరు రాయలేదని మొదటిసారి వెళ్లినప్పుడే చూశాను.

డబ్బా అక్కడే పారేశానని చెప్పాడు. టికెట్టు మీద ముప్పై కిలోలే. వాళ్లు ఉండే కార్మికుల క్యాంపులో తూకం వేస్తే ఎక్కువ వచ్చింది. అందరి డబ్బాలు విప్పి లోపలి సామాను మాత్రం తెచ్చాడు. శ్రీకాంత్‌కు ఫోన్ చేసి చెప్పే పారేశాడట. పంచాయితీలో ఈ మాట చెబితే, డబ్బా లేకపోవడమే దొంగతనానికి గుర్తు అన్నారు.

“కార్డు పగులుతదని కొత్త రగ్గుల సుట్టిన సార్. మా అవ్వకు దెచ్చిన రగ్గు. డబ్బల ఏవో వైర్లు గూడ ఉండె. గవి బరువని ఆడనే ఇడిసిపెట్టిన.”

రగ్గు ఏ రంగని అడిగాను. ఎరుపు, మీద పులి బొమ్మ అన్నాడు.

ఫ్యాన్ల రెక్కల్లో చుట్టుకున్నది ఆ రగ్గు పోగులే. నూగు సంగతి తేలిపోయింది. రెండోది అంతకంటే పెద్దది. ఆ మిషన్ అమ్మింది మా కంపెనీయే. దాని పవర్ సప్లైలో గ్రాఫిక్స్ కార్డు కోసం ఒకే ఒక్క వైరు ఉంటుంది. రెండోది కార్డు డబ్బాలో వచ్చే కన్వర్టర్ వైరుతో తీసుకోవాలి. ఆ డబ్బా దోహాలో చెత్తలో ఉంది. మరి రెండో సాకెట్లో ముచ్చటగా కూర్చున్న వైరు ఎక్కడి నుంచి వచ్చింది?

మళ్లీ వెళ్లి చూడాలి. అయితే మూసేసిన కాల్‌ను మా సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరవనివ్వదు, రాసిన పరిశీలనను దిద్దనివ్వదు. కొత్త కాల్ కావాలి. కొత్త కాల్‌కు కస్టమర్ ఫిర్యాదు కావాలి. లింగయ్యకు ఫోన్ చేస్తే, “మీరే రాసిచ్చిండ్రు గద సార్, ఇంకేం సూస్తరు?” అని పెట్టేశాడు. నా ముద్ర మీద నాకంటే ఆయనకే నమ్మకం ఎక్కువగా ఉంది. మధ్యాహ్నం సౌమ్యే ఫోన్ చేసింది. “బాపు ఒప్పుకుంటలేడు సార్. మిషన్ నా పేరు మీదనే ఉన్నది. నేను జేస్తున్న కంప్లెంటు, రాస్కోండ్రి” అంది. రాసుకున్నాను.

బుధవారం వెళ్లాను. ఆ క్యాబినెట్‌కు రెండు పక్కలా తలుపులుంటాయి. మొదటిసారి తీసింది ఎడమవైపుది. కుడివైపుది బీరువాకు ఆనుకుని ఉంది కాబట్టి తీయలేదు. ఈసారి బీరువా జరిపించి తీశాను. రెండో వైరు వెనక నుంచి వెళ్లి, హార్డ్ డిస్కుకు పవర్ ఇచ్చే సన్నటి తీగకు తగిలించి ఉంది. పశువుల దాణా మోసే బండికి సైకిల్ చక్రం వేసినట్టు. కలిసే చోట ప్లాస్టిక్ అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది.

ఆట నడిపిస్తూ మల్టీమీటర్ పెట్టి చూశాను. మెనూలో ఉన్నంతసేపు పన్నెండు వోల్టులు. యుద్ధం మొదలు కాగానే పదకొండు కంటే కిందికి జారింది, తెర నల్లబడింది. వెంట తెచ్చిన పెద్ద పవర్ సప్లై పెట్టి, రెండు సాకెట్లకు రెండు విడి వైర్లు ఇచ్చాను. సౌమ్య మూడు గంటలు ఆడింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఎవరు ఎవరిని కాలుస్తున్నారో అర్థం కాకుండానే చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కార్డు నిక్షేపంలా ఉంది.

తర్వాత పట్టకారుతో ఫ్యాన్లలోంచి నూగు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. మా పద్ధతుల్లో ఇది లేదు.

ఆదివారం నాకు సెలవు. అయినా వెళ్లాను. గ్రామపంచాయతీ ఆఫీసు వరండాలో ఏడుగురు పెద్దమనుషులు, ఊళ్లో సగం మంది ఉన్నారు. రాజేశం మామూలు బట్టల్లోనే వచ్చాడు, ప్రమాణం చేయనని చెప్పడానికి. రెండో షీటు నేనే చదివాను. మొదటి షీటు తప్పని, తప్పు నాదని, రెండో తలుపు తీయకుండా రాశానని చెప్పాను. వోల్టుల లెక్క విని ఎవరూ తల ఊపలేదు. కవర్లోని నూగును, రాజేశం తల్లి తెచ్చిన పులి రగ్గును పక్కపక్కన పెట్టాక మాత్రం అందరూ ముందుకు వంగారు. ఒక పెద్దాయన రగ్గు రెండు వేళ్లతో గిల్లి, నూగు వెలుతురుకు పట్టి చూసి, “ఒక్కటే ఇది” అన్నాడు. విషయం అక్కడితో తేలింది.

లింగయ్య కూడా రగ్గును ఒకసారి తడిమి చూశాడు. తర్వాత, “గీ ముచ్చట ముందే జెప్పకపోతివి రాజేశం” అన్నాడు.

“చెప్పిన మామా” అన్నాడు రాజేశం.

సౌమ్య వెళ్లి రాజేశం తల్లి పక్కన కూర్చుంది. క్షమాపణ లాంటిది ఆ వరండాలో నాకు కనిపించింది అదొక్కటే. రాజేశం నా దగ్గరికి వచ్చి రెండో షీటు గులాబీ కాగితం అడిగి తీసుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకుని, “గా మొదటిది చింపేయుండ్రి సార్” అన్నాడు. ఆఫీసు ప్రతి చింపడానికి వీల్లేదని, రెండూ ఫైల్లో ఉంటాయని చెప్పాను. అలా చెబుతున్నప్పుడు సిగ్గేసింది. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

నెలాఖరుకు రాజేశం దోహా తిరిగి వెళ్లాడు. ఆ సంగతి సౌమ్య ఫోన్‌లో చెప్పింది. లింగయ్య తన కొడుకు కోసం మామిడికాయ తొక్కు డబ్బా పట్టుకుని రాజేశం వాళ్లింటికి వెళ్లాడట. రాజేశం మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, డబ్బా తిరిగి చేతికిచ్చాడట. ఆ ఊరి నుంచి ఈసారి ఎవరి సామానూ అతను తీసుకుపోలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన రోజుల్లో క్యాబినెట్ రెండు తలుపులూ తీయకుండా పరిశీలన గడి నింపలేదు. జూనియర్లకూ అదే చెప్పాను. కానీ ఈ కాల్ నేర్పింది తలుపుల గురించి మాత్రమే కాదు. లోపం ఉందనడానికి నా దగ్గర సగం పరీక్షే ఉంది. ‘వాడిన కార్డు’ అనడానికి అదీ లేదు, అది నా ఊహ. నేను యంత్రం గురించే రాశాననుకున్నాను. ఆ ఊళ్లో దాన్ని ఒక మనిషి గురించి చదువుకున్నారు. అలా చదువుతారని రాసేముందే నాకు తెలిసి ఉండాల్సింది.