నాలుగో మడత

వంతెన దగ్గర ఆగిన బస్సు మళ్ళీ కదిలేసరికి మడతలక్క పక్కన ఒక ముసలాయన వచ్చి కూలబడ్డాడు. ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు, చొక్కా చెయ్యి పైకి లాగి వాచీ చూసుకున్నాడు, "ఈ నడకన మనం చేరినట్టే!" అని ఎవరితోనో కాదు, గాలితో అన్నాడు. ఆమె ఓరకంట చూసింది. ఆ గొంతు, ఆ వాచీ. ఆమె దుప్పట్లు మడిచి మడతలక్క అనిపించుకున్న ఆసుపత్రి లాండ్రీలో వెనకాల అందరూ గడియారం అనేవాళ్ళు ఆయన్ని. ఎదురుగా అయితే సూపర్‌వైజరు గారు.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? ఆవిరి పొగలో తలకు గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళంతా ఆయనకి ఒక్కటే. ఆమెకు మాత్రం ఆయన కుడి మోకాలు సంగతి తెలుసు, చిన్నకూతురి కాన్పు కష్టమైన సంగతి తెలుసు. ఆయనింట్లో అంట్లు తోమే మనిషి ఈమె వెళ్ళే చర్చికే వచ్చేది. ఏళ్ళ తరబడి ఈయన కోసం రోజూ ప్రార్థన చేసిన మనిషి మడతలక్క. ప్రార్థించేవాళ్ళకి వివరాలు కావాలి మరి.

ఆమె భర్త అదే లాండ్రీలో బాయిలరు చూసేవాడు. ఒకరోజు బాయిలరు పేలింది. ఎవరూ పోలేదు, గోడ ఒకటి కూలింది. విచారణలో సూపర్‌వైజరు లేచి, ఆ సమయానికి బాయిలరు మనిషి నిద్రపోతున్నాడని చెప్పాడు. ఒక్క మాట. ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఆ మనిషి పగటిపూట కన్ను మూయలేదు. జ్వరమొచ్చి ఒళ్ళు కాలిపోతున్నా మంచమెక్కేవాడు కాదు. "కాసేపు నడుం వాల్చండి" అని ఈమె బతిమాలితే, "ఎవరన్నా చూస్తే?" అనేవాడు. కుర్చీలో నిటారుగా, కళ్ళు తెరుచుకునే పోయాడు. మూయడానికి ఈమె చాలా అవస్థ పడింది.

అప్పుడే ఆమె పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, "నా నోట్లో అన్నం చేదుగా ఉంటోందండీ" అంది. ఆయన మంచివాడే. "ఆ మనిషి కోసం రోజూ ప్రార్థన చెయ్యమ్మా. మనసు తర్వాత వస్తుంది, ముందు నోటిని నడిపించు" అన్నాడు. ఇలాంటి సలహా ఇవ్వడం తేలిక, ఇచ్చినవాడు ఇంటికెళ్ళి భోంచేస్తాడు.

మోకరించడానికి ఆమెకు వేళ లేదు, మోకాళ్ళూ లేవు. పనినే ప్రార్థన చేసుకుంది. దుప్పటి మొదటి మడత, దాని మీద పడుకున్న రోగికి. రెండోది, ఆ రోగి పక్కన మేలుకున్నవాళ్ళకి. మూడోది తన ఇంటికి. నాలుగోది గడియారానికి. గుడ్డ పని తెలిసినవాళ్ళకి తెలుసు, నాలుగో మడత దగ్గర దుప్పటి మందమెక్కి మాట వినదు, వదిలితే విచ్చుకుంటుంది. అరచేతితో ఒత్తి పట్టాలి. ఆమె ఒత్తేది. "ప్రభువా, ఆయన్ని చల్లగా చూడు. ఆయన పోయేలోపు నిజం చెప్పించు." ఆ రెండో వాక్యం పాస్టరుగారు చెప్పింది కాదు, ఆమె సొంతం. మొదటిది పెదాలతో, రెండోది పళ్ళతో.

పూర్వం ఎడారుల్లో బతికిన సన్యాసులు బుట్టలల్లుతూ ప్రార్థన చేసేవాళ్ళట. కొనేవాళ్ళు లేని చోట ఒకాయన ఏడాదికోసారి ఆ బుట్టలన్నీ పోగేసి తగలబెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాడట. మడతలక్కకి ఆ శ్రమ కూడా అక్కర్లేదు. ఇవాళ మడిచినవి రేపు మాసి ఎదురొచ్చేవి.

దుప్పటికి రెండో కొస పట్టుకునేది ఆమె తోటికోడలు. నోరు మంచిది కాదు, చూపు మంచిది.

"అక్కా, గడియారం మోకాలు తగ్గిందట. మనవడు బంగారంలా పుట్టాడట. నీ ప్రార్థనలన్నీ వాడింటికే చేరుతున్నాయి. దేవుడికి మనిల్లు తెలీదేమో, ఒకసారి గుర్తులు చెప్పరాదూ?"

"నోరుమూసుకుని కొస లాగవే."

"లాగుతూనే ఉన్నా. ఇంకా నలిగే ఉన్నాడు మహానుభావుడు, గట్టిగా ఒత్తు!"

ఇప్పుడు ఆ మహానుభావుడు పక్క సీట్లో, ఒళ్ళో తువ్వాలు పెట్టుకుని కబుర్లకి సిద్ధంగా ఉన్నాడు.

"గుండె ఆపరేషనుకి వెళ్తున్నానమ్మా. మోకాలు నొప్పయితే దానంతటదే పోయింది, డాక్టర్లే నోరెళ్ళబెట్టారు. ఆసుపత్రులు నాకేం కొత్త కాదులే. పెద్దాసుపత్రి లాండ్రీ అంతా నా చేతిమీదే నడిచింది."

"అక్కడేగా బాయిలరు పేలింది?" అంది ఆమె, కిటికీ వైపే చూస్తూ.

"ఓ, అదా!" ఆయన మొహం విప్పారింది. మంచి కథ చెప్పే అవకాశం దొరికినవాడి సంబరం. "వాల్వు ఎప్పుడో పాడైందమ్మా. మార్పించాల్సింది నేనే, ఇదిగో అదిగో అంటూ మర్చిపోయా. ఒప్పుకుంటే నా మెడకే చుట్టుకునేది. అందుకని అక్కడున్నవాడు నిద్రపోయాడని ఓ మాట అనేశా."

"ఆయన నిద్రపోలేదు."

"పోలేదమ్మా, అదేగా చెప్తున్నా! పాపం, మెతక మనిషి. పేరు కూడా గుర్తులేదు. ఇంకెక్కడో చేరే ఉంటాడులే."

ఇన్నేళ్ళు అడిగిన మాట దొరికింది. ఎంత తేలిగ్గా ఉందో! పల్లీలు నములుతూ తొక్కలు ఊదేసినట్టు ఊదేశాడు. వినాల్సిన చెవులు మట్టిలో ఉన్నాయి. దేవుడు ప్రార్థన ఆలకించాడు, అక్షరం తప్పకుండా ఆలకించాడు. సిగ్గుపడి చెప్పించమని అడగడం ఆమె మర్చిపోయింది.

ఆయన ఆమె మెడలోని శిలువ చూశాడు. "మీరు ప్రార్థనపరుల్లా ఉన్నారు. నా గురించీ ఓ మాట వెయ్యండమ్మా. నా పేరు..."

"దిగాలి" అంది ఆమె కండక్టరుతో.

"ఇక్కడేముందమ్మా, చూడ్డానికి పొలం, దిగడానికి బురద!" అన్నాడు కండక్టరు.

"దిగాలి."

బస్సు కుదుపుకి ఆయన తువ్వాలు కింద పడింది. ఆమె చేతులు అలవాటుగా దాన్ని అందుకున్నాయి. ఒక మడత, రెండు, మూడు. అక్కడ ఆగాయి. అలాగే ఆయన ఒళ్ళో పడేసి, సంచీ తీసుకుని మెట్లు దిగింది.

"అమ్మా, మరి నా సంగతి మర్చిపోరుగా?" కిటికీలోంచి కేకేశాడు గడియారం.

ఆమె అప్పటికే రోడ్డు అంచు పట్టుకుని నడుస్తోంది, వచ్చిన దారినే, వెనక్కి.