సైరన్ గొంతు

ఆటిజం ఉన్నవాళ్ళతో ఎలా మెలగాలో పోలీసులకు నేర్పే తరగతిలో, మొదటి రోజు టీ విరామానికి కాస్త ముందు, ఒక హెడ్ కానిస్టేబులు తనను తానే బల్లకాలికి బేడీ వేసుకున్నాడు.

పాఠం చెప్పడానికి వచ్చిన టీచరమ్మ, "ఎదుటి మనిషి పిలిస్తే పలకడు, మొహంలోకి చూడడు, చేతులు ఆడిస్తుంటాడు. మీరేం చేస్తారు?" అని అడిగింది. "ఇదిగో, ఇలా," అంటూ ఆయన ఒక కడియం తన మణికట్టుకూ రెండోది ఇనప బల్లకాలికీ తగిలించి చూపించాడు. రెండూ చక్కగా పడ్డాయి. తర్వాత జేబులు తడుముకున్నాడు. తాళంచెవి లేదు.

ఈయన్ని స్టేషన్లో సైరన్ అంటారు. జీపు సైరన్ పాడైనప్పుడు దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు, ఈయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఇంట్లో ఫోను మాట్లాడుతుంటే, దానికి ఫోనెందుకు దండగ అని పక్కింటాయన ఒకసారి మర్యాదగానే అడిగాడు.

అంతటి మనిషి ఇప్పుడు బల్లపక్కన వంగి నిలబడ్డాడు. తోటివాళ్ళు చుట్టూ మూగారు.

"వెనక జేబు చూడన్నా."

"పొద్దున ఎక్కడ పెట్టావ్? గుర్తు తెచ్చుకో, గుర్తు తెచ్చుకో."

"రంపం తెప్పిద్దామా?"

"బల్లతో సహా ఇంటికి పంపేద్దాం, వదిన చూసుకుంటుంది."

పైన ఫ్యాను కటకటలాడుతోంది. సైరన్ నోరు తెరిచాడు, మూశాడు. సర్వీసంతా వెతికినా ఆయనకు నోట మాట రాని రోజు మరొకటి దొరకదు.

టీచరమ్మ అందరినీ బయటికి పంపేసింది. ఫ్యాను ఆపింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "తాళంచెవి చివరిసారి ఎక్కడ చూశారు?" అని మెల్లగా అడిగింది.

"తెలీదండీ."

ఆమె ఊరుకుంది. మళ్ళీ అడగలేదు, తొందర పెట్టలేదు, గడియారం వైపు కూడా చూడలేదు. సైరన్ నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి, "క్యారియరు," అన్నాడు.

టిఫిన్ క్యారియరు గొళ్ళేనికి గుచ్చే పుల్ల ఊడిపోతే, పొద్దున వాళ్ళావిడ చేతికి దొరికిన బేడీల తాళంచెవిని దానికి గుచ్చి పంపింది. అది చక్కగా సరిపోయిందట కూడా.

"అంతా ఆ ఫ్యాను వల్లండీ. లేకపోతే ఎప్పుడో చెప్పేవాణ్ణి," అన్నాడు, క్యారియరు తెప్పించి బేడీ విప్పాక, మణికట్టు రుద్దుకుంటూ.

"నిజమే. మీకు ఫ్యాను. కొందరికి మీరు," అంది టీచరమ్మ.

ఆ మాట సూటిగా వెళ్ళి తగలవలసిన చోటే తగిలింది. ఎందుకంటే ఈ తరగతికి ఆయన్నెవరూ పంపలేదు. ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగి, బతిమాలి, తనే పేరు వేయించుకున్నాడు.

సైరన్‌కు ఒక అక్క ఉంది. ఆమె కొడుక్కి పాతికేళ్ళు, ఆటిజం. మాటలు తక్కువ. సాయంత్రం కొట్లు కట్టేసే వేళకు బజారు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాడు. దించిన షట్టర్ల దగ్గర ఆగి, ఒక్కో తాళాన్ని ఒక్కసారి ముట్టుకుని సాగిపోతాడు. ఎందుకంటే, అతనికిష్టం. కొట్లవాళ్ళకు అలవాటైపోయింది.

నెల కిందట కరెంటు పోయిన ఒక సాయంత్రం ఆ వీధిలోకి జీపు తిరిగింది. చీకట్లో సైరన్‌కు కనబడింది వీపు ఒక్కటే, అదీ తాళాలు తడుముతున్న వీపు. మైకు అందుకుని (ఆయనకు మైకెందుకో మరి) "ఎవడ్రా అది, ఆగక్కడ," అన్నాడు. ఆ మనిషి చెవులు మూసుకుని నేలమీద ముడుచుకుపోయాడు. భుజం పట్టి లేపబోయినప్పుడుగానీ, అది తన మేనల్లుడని తెలియలేదు.

మేనల్లుడు ఆ తర్వాత గడప దాటలేదు. సాయంత్రమయ్యేసరికి బీరువా తాళం, వంటింటి గొళ్ళెం, పెట్టె తాళం ముట్టుకుంటూ గదుల్లోనే తిరిగేవాడు. జరిగిన దాని మీద అతనన్నది రెండే మాటలు: "మామయ్య చాలా." చాలా ఏమిటని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

అక్క ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక పనిచేస్తుంది. అరిచే మగవాళ్ళను చూసి చూసి విసిగి ఉన్న మనిషి. "ఒరేయ్, వాడికున్నదే ఆ ఒక్క షికారు. అది వాడికి తెచ్చిపెట్టి, అప్పుడు నా గుమ్మం ఎక్కు," అంది.

అందుకని సైరన్ గొంతు తగ్గించడం ఇంట్లో మొదలుపెట్టాడు. టీచరమ్మ చేసినట్టే ఒక్క ప్రశ్న అడగాలి, అదీ మెల్లగా, ఆ తర్వాత జవాబు కోసం ఆగాలి. "ఇవాళ కూరేంటి?" అని గుసగుసగా అడిగి, కదలకుండా నిలబడ్డాడు.

వాళ్ళావిడ గరిటె కింద పెట్టింది. "ఏం చేసొచ్చావు?"

"ఏం చేయలేదే."

"గొంతు తగ్గిందంటే ఏదో చేసే ఉంటావు. చెప్పు, నేనేమీ అనుకోను."

శిక్షణ అయిపోయిన మర్నాడు సాయంత్రం, యూనిఫారం విప్పేసి అక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. అక్క పైనుంచి కిందకి చూసి, "జేబులో ఈల ఉందా?" అంది. ఉంది. తీసి కిటికీలో పెట్టాడు.

మేనల్లుడు గది మూల నిలబడి ఉన్నాడు. సైరన్ దగ్గరికి పోలేదు. "తాళాలు చూసొద్దామా?" అన్నాడు.

జవాబు లేదు. అక్క నోరు విప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆయనకు కాళ్ళు లాగాయి, ముక్కు దురద పెట్టింది, ఇంకోసారి అడగాలని ప్రాణం కొట్టుకుపోయింది. అడగలేదు.

మేనల్లుడు వచ్చి వీధి తలుపు గొళ్ళెం ముట్టుకున్నాడు. తర్వాత చెప్పులు వేసుకున్నాడు.

బజారులో సైరన్ నాలుగడుగులు ఎడంగా, మాట్లాడకుండా నడిచాడు. ఎదురైన జీపును చెయ్యూపి ఆపి, లైటు ఆర్పించి, లోపలున్న ఇద్దరు కానిస్టేబుళ్ళకు ఈ మనిషి ఎవరో, ఏం చేస్తాడో చెవిలో చెప్పాడు. "గొంతు పోయిందా సార్, మాత్రలు తెమ్మంటారా?" అన్నాడొకడు.

ఇక్కడ మీరు, ఏదో ఒక తాళం ఊడి ఉంటుంది, దొంగ దొరుకుతాడు, మేనల్లుడికి శాలువా కప్పుతారు అనుకుంటారు. అదేం లేదు. తాళాలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. అతను ముట్టుకున్నాడు, ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. అక్క తమ్ముడికి కూడా పళ్ళెం పెట్టింది.

అయితే హెడ్ కానిస్టేబులు వెంట ఉండటంతో, ఇదంతా పోలీసువారి కొత్త ఏర్పాటేమోనని బజారంతా నమ్మింది. పది రోజులు తిరక్కుండానే చెప్పుల కొట్టాయన ఫిర్యాదుకు వచ్చాడు. కొట్టు ముందు నుంచి ఎవరు వెళ్ళినా, వీధి వీధంతా ఉలిక్కిపడేలా పలకరించే మనిషి. స్టేషన్ మెట్ల మీద నుంచే అందుకున్నాడు.

"ఏమండీ, మీ మేనల్లుడు అందరి తాళాలూ చూస్తాడు, నా కొట్టు దగ్గరికొచ్చేసరికి అవతలి వైపుకు దాటేస్తాడు. నా తాళానికేం తక్కువ? పక్క కొట్టువాడు నవ్వుతున్నాడు. పోలీసులే ఇలా పక్షపాతం చూపిస్తే మేమెవరితో చెప్పుకోవాలి?"

సైరన్ ఆయన చెప్పేదంతా అయ్యేదాకా ఆగి, ఇంకాసేపు ఆగి, పక్క బల్ల మీది రైటరుకు కూడా వినబడనంత మెల్లగా అన్నాడు:

"మీరు కాస్త గట్టిగా మాట్లాడతారండి."