పసిపిల్లల కార్తీకం

మా తోడికోడలు పోయి ఇరవై రోజులైంది. మా బావగారి భార్య. పొద్దున్నే గుండెనొప్పి అంది, ఆటో వచ్చేలోపే అయిపోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మా వీధిలో ఉండే ఒకావిడ నలుగురి ముందూ నా చెయ్యి పట్టుకుని, "ఇద్దరు తోడికోడళ్ళూ ఒక్క మాట మీద నిలబడి మా పిల్లల చేత గుడ్లు తినిపించారమ్మా" అంది. అందరూ తలలూపారు. ఆ మెప్పులో నాకు వాటా లేదని చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇవాళ కాగితం తీశాను. పదో తరగతి పరీక్ష తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు.

మా ఊరు చిలకలూరిపేటకు దగ్గర. మేమిద్దరం పదో తరగతి పాసై ఒకే ఇంట కాలుపెట్టిన కోడళ్ళమే. ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఆవిడకు వచ్చింది. "దేవుడు ఎవరికి రాసిపెట్టాడో వాళ్ళకే" అని అందరితో నవ్వుతూ అన్నాను. ఆవిడ చేతిసంచీ పట్టుకుని మా గుమ్మం ముందు నుంచి వెళ్ళే ప్రతి పొద్దునా నాకు కడుపులో మండేది.

పని బాగా చేసేది, కాదనలేను. పిల్లల్ని "తినండి, తినండి" అని వేధించేది కాదు. బడి వెనక చిన్న మడిలో తోటకూర వేసి వాళ్ళ చేతే కోయించేది. తన చేత్తో కోసిన ఆకు పప్పులో కనబడితే ఏ పిల్లవాడు వద్దంటాడు? తల్లులు కనబడితే మాత్రం ఒకటే పాట. "కారం వెయ్యకముందే పిల్లల గిన్నె పక్కకు తియ్యండమ్మా. మిరప పండించేది మనం, ఆ మంట వాళ్ళ నాలిక్కెందుకు?"

మా అబ్బాయీ కోడలూ పత్తి తీతకు పోతే మనవరాలు నా దగ్గరే ఉండేది. అప్పుడు దానికి మూడేళ్ళు. నేను అన్నం కలుపుకుని వెంటపడితే ఇల్లంతా పరిగెత్తించేది. ఒకరోజు గిన్నె తోసేసి, "నువ్వు కారం వేస్తావు. పెద్ద నాయనమ్మ పెడితే తింటా" అంది.

"అయితే పో, అక్కడే ఉండు" అన్నాను. అది నిజంగానే చెప్పులు వేసుకుంది.

ఆ కోపం చల్లారకముందే కార్తీకం వచ్చింది. ఆ నెల్లాళ్ళూ మేము నీచు ముట్టం. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్డు పెడతారు. పాపను దింపుతూ, "అక్కా, ఈ నెల దీనికి గుడ్డు పెట్టొద్దు" అన్నాను.

"మూడేళ్ళదానికి నియమమేంటే?"

"మన ఇంటి ఆచారం నీకు తెలీదా?"

అక్కడితో ఊరుకోలేదు. గుళ్ళో దీపాలు వెలిగిస్తూ తోటి ఆడవాళ్ళకూ అదే చెప్పాను. పూజలూ ఉపవాసాలూ చేసేదాన్నని ఊళ్ళో నా మాటకు కాస్త విలువుంది. ఒకరిని చూసి ఒకరు పిల్లలకు గుడ్డు మాన్పించారు. అది భక్తే అని నన్ను నేను నమ్మించుకున్నాను. కానీ ఆవిడ ఉడికించిన గుడ్లు గిన్నెలో అలాగే మిగిలిపోతున్నాయని విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం భక్తి కాదు.

కార్తీకం ఇంకా వారం ఉందనగా పిల్లల జబ్బలకు పట్టీ చుట్టి కొలిచారు. ఒంట్లో పుష్టి ఉంటే కొలత ఆకుపచ్చ రంగు మీద ఆగుతుంది. మా పాపకు పసుపు మీద ఆగింది. ఇంకో ఇద్దరికీ అంతే.

సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, "కార్తీకం నీకా, దానికా?" అంది.

నేను చేట ముందుకు లాక్కుని బియ్యం ఏరసాగాను.

"నా మీద కోపముంటే నన్ను తిట్టవే. పడతాను. దాని కంచం జోలికి మాత్రం పోకు."

"నీ మీద నాకెందుకక్కా కోపం?"

"అబ్బో! ఇన్నేళ్ళ నుంచీ నీ ముడుచుకున్న మూతి చూట్టంలేదూ!" అని నవ్వింది. నవ్వు ఆపి, "నేను చెబితే జీతం కోసం చెబుతోందంటారు. నువ్వు చెబితే వింటారు. నాకా అదృష్టం లేదు. రేపు గుళ్ళో నువ్వే చెప్పు, పొరపాటు పడ్డానని" అంది.

చెప్పాను. పొరపాటు పడ్డానని మాత్రం చెప్పలేదు. "పసిపిల్లలకు నియమం లేదని పూజారిగారు అన్నారు" అన్నాను. పూజారిగారిని నేను అడగనేలేదు. వెలుగుతున్న దీపం ముందే ఆ అబద్ధం ఆడాను.

పాప జబ్బ మళ్ళీ ఆకుపచ్చలోకి రావడానికి మిరపకోతల దాకా పట్టింది. రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించింది ఆవిడే. నా అబద్ధం ఆవిడకు తెలుసు. ఒక్కనాడూ ఎత్తలేదు. పైగా "మా చెల్లెలు చెప్పబట్టే మీరంతా విన్నారు" అనేది. దానికీ నాకు కుళ్ళే. మనిషి అంత తేలిగ్గా ఎలా ఉండగలదు? ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాల్సింది. పెట్టాను, పాడె మీద ఉన్నప్పుడు.

ఆవిడ పోయాక మూతపడ్డ అంగన్‌వాడీని మొన్న సోమవారమే మళ్ళీ తెరిచారు. మధ్యాహ్నం ఆయా వచ్చి పిలిచింది. వెళ్ళి చూస్తే పిల్లలందరూ కంచాల ముందు ఊరికే కూర్చుని ఉన్నారు.

"టీచరమ్మ కింద కూర్చుని మొదటి ముద్ద తను తినేదమ్మా. ఆవిడ తినందే వీళ్ళు ముట్టరు. ఎంత చెప్పినా వినడం లేదు" అంది ఆయా.

పెళ్ళయినప్పటి నుంచీ సోమవారాలు నేను పొద్దు వాలేదాకా ఏమీ తినను. చాప మీద కూర్చుని, కంచం పెట్టించుకుని, ఆకుకూర పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కాసేపటికి ఒకడు మొదలుపెట్టాడు. తర్వాత ఇంకొకడు. దేవుణ్ణి క్షమాపణ అడగాలని నాకు అనిపించలేదు.

మా పాప నా పక్కనే కూర్చుంది. అన్నం తింది, గుడ్డూ తింది, మెతుకు మిగల్చలేదు. తింటున్నంతసేపూ గుమ్మం వైపే చూసింది. నా వైపు ఒక్కసారీ చూడలేదు.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా చింపకండి, దాచి ఉంచండి. మా ఊరివాళ్ళకు చూపించకండి. ఆ పిల్లకు అసలే వద్దు.