సరిచూసే దోస్తు

గౌలిపురలో పెరుగు అమ్మే గుండయ్య ఫోన్ ముట్టుకునే ముందు చేతులు భుజం మీది తువ్వాలుకు తుడుచుకుంటాడు. చిన్ననాటి దోస్తుల గ్రూపులో ఏం రాయాలన్నా అతనికి భయం. చుక్కా కామా లేకుండా రాస్తాడు, వాళ్లు దానికి ఇంకో అర్థం తీసి ఆడుకుంటారు. అందుకే ఏది రాసినా ముందు కిషన్‌బాగ్ జలాలుద్దీన్ ఒక్కడికే పంపి, "సరిగ్గుందా భాయ్" అని అడుగుతాడు. "మస్తుంది, పెట్టు" అని జవాబొచ్చాకే గ్రూపులో పెడతాడు. అయినా నవ్వులపాలవుతూనే ఉంటాడు. ఆదివారం పొద్దున "దూడకు మా ఆవిడ గడ్డి ఏసింది మొత్తం తిన్నది" అని పెడితే, వదినకు గడ్డి అరిగిందా అని అందరూ ఒక్కసారే అడిగారు. అందరికంటే ఎక్కువ గుండయ్యే నవ్వాడు.

మధ్యాహ్నం జలాలుద్దీన్ కొట్టుకు వచ్చాడు. "మనవరాలి ఫోటో గ్రూపుల పెట్టనా, చూడు అన్నా" అని ఫోన్ చేతికిచ్చి చాయ్ తేవడానికి వెళ్లాడు. అంతలో ఏదో మెసేజ్ వచ్చింది. గుండయ్య వేలు తగిలి ఇంకో గ్రూపు తెరుచుకుంది. దోస్తులంతా ఉన్నారు, తను లేడు. పొద్దున జలాలుద్దీన్ రాసింది కనిపించింది: "గుండన్న ఇప్పుడే నాకు పంపిండు. కాసేపట్ల గ్రూపుల పెడ్తడు. వదినకు గడ్డి అరిగిందా అని అందరు అడగాలె." పైకి జరుపుతూ పోయాడు. నెలల కొద్దీ గట్లాంటివే. పొడిగా ఉన్న చేతులనే మళ్లీ తువ్వాలుకు తుడుచుకుని, ఫోటో తెరిచి ఉంచాడు.

"ఎట్లుంది అన్నా?" చాయ్ అందిస్తూ అడిగాడు జలాలుద్దీన్.

"మస్తుంది భాయ్," అన్నాడు గుండయ్య. "పెట్టు."