భూషణం ఏడో పాట

పాటలు పాడే మగవాళ్ళంటే నాకు పడదు. గొంతు ఉన్నవాడికి నడుం వంగదని నా అభిప్రాయం. సౌదీలోని యాన్బులో పద్దెనిమిదేళ్ళుగా స్టోర్‌కీపర్‌గా ఉన్నాను, ఎంతమందిని చూడలేదు! భూషణాన్ని కూడా మొదటి రోజే ఆ గాటన కట్టేశాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

భూషణానిది జగిత్యాల దగ్గర పల్లె. నలభై ఆరేళ్ళుంటాయి. మా సైటులో స్టీల్ ఫిక్సర్. అంటే కాంక్రీటు పోసే ముందు శ్లాబు మీద పరిచిన ఇనుప చువ్వలకు బైండింగ్ వైరుతో ముడులు వేసే పని. పొద్దస్తమానం వంగే ఉండాలి. తక్కిన జట్లవాళ్ళు ముడులు వేసుకుంటూ ముందుకు పోతారు. భూషణం, అతని జట్టులోని ఆరుగురు మాత్రం వెనక్కి జరుగుతారు. వాళ్ళ ఊళ్ళో వరి నాటు వేసేది అలాగేనట. వేసిన నారును తొక్కకూడదు కదా.

"ఇనుమును తొక్కితే చచ్చిపోద్దేంటయ్యా?" అని ఒకరోజు వెటకారం చేశాను.

"సచ్చిపోదు సారూ. గాని కట్టింది కండ్ల ముంగట ఉంటది. యాడ ఇడిసిపెట్టిన్నో ఎర్కైతది" అన్నాడు, తలెత్తకుండానే.

నిజమే. ఎంతటి చండశాసనుడైన ఇంజనీరు వచ్చినా వాళ్ళ శ్లాబులో ఒక్క ముడి తప్పిందని అనగా నేను వినలేదు.

ఆ పనిలోనే పాట. అవన్నీ ఆడవాళ్ళ నాటు పాటలు. వాళ్ళ ఊళ్ళో అంజవ్వ అని ఒకావిడ ఉంది. నాటు వేసే ఆడవాళ్ళకు పాట ఎత్తి ఇచ్చేది ఆమే. చిన్నప్పుడు భూషణం వాళ్ళకు నారు కట్టలు అందిస్తూ పాటలన్నీ పట్టేశాడు. ఇప్పుడు ఆ పొలాల్లో నాటు మిషను వేస్తోంది. మిషనుకు పాట అక్కర్లేదు. అందుకని భూషణం తన జీతంలోంచి కూడబెట్టి, కిందటి సెలవులో కరీంనగర్ స్టూడియోలో ఆరు నాటు పాటలు రికార్డు చేయించాడు. ఏడోది అంజవ్వ సొంతంగా కట్టుకున్న పాట. అది అయ్యేలోపే సెలవు అయిపోయింది. ప్రాజెక్టు పూర్తయ్యేదాకా మళ్ళీ సెలవు లేదన్నాడు కఫీల్, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని.

స్టూడియో ఆయన నెలాఖరుకు ఆల్బం వదలాలని, ఆరు పాటలు చాలని అన్నాడు. భూషణం ఒప్పుకోలేదు.

"అంజవ్వ పాట లేకుంటె నాకీ ఆల్బమే వద్దు సారూ. గామె పెట్టిన బిచ్చమే గదా ఇదంత."

పైగా అంజవ్వ షరతు ఒకటి ఉంది. పాడాక ముందు ఆమెకే వినిపించాలి. తన పాటే అని ఆమెకు అనిపిస్తేనే లోకానికి ఇవ్వాలి. లేకపోతే తనతోనే పోనిమ్మంది. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్ళు.

యాన్బు బజారులో హైదరాబాదు ఫయాజ్‌కు ఒక చిన్న రికార్డింగ్ గది ఉంది. దుకాణాల ప్రకటనలు చేస్తుంటాడు. శుక్రవారం సెలవు కదా అని భూషణాన్ని నేనే అక్కడికి తీసుకెళ్ళాను. అద్దం వెనక మైకు ముందు నిలబెట్టారు. భూషణం కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

*ఒంగి నాటిన మొలక ఒదినె పేరంట*
*లేసి సూసిన మబ్బు మరిది పేరంట*

మొదటి మాట ఖంగుమంది. నాలుగో మాటకు గొంతు సన్నబడింది. రెండో చరణానికి భూషణం వీపు తలుపుకు కొట్టుకుంది.

"అన్నా, మైకు ఈడుంది. నువ్వు యాడికి పోతున్నవ్?" అన్నాడు ఫయాజ్.

వెనక్కి జరగకుండా ఆ పాట పాడటం అతనికి రాదు. ఏడుసార్లు పాడాడు, ఏడుసార్లూ తలుపు దాకా వెళ్ళాడు. చివరికి గోడకు ఆనించి నిలబెట్టి పాడించాం. తప్పు లేకుండా వచ్చింది. దాన్ని భూషణం భార్య సరళకు పంపితే, ఆమె అంజవ్వకు వినిపించి ఫోన్ చేసింది.

"గొంతు భూషణందే. పాట నాది గాదు. నిలవడి పాడిండు" అందట అంజవ్వ.

భూషణం ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలామెకు ఇంత మంకుపట్టు ఏమిటనుకున్నాను. కానీ మర్నాడు శ్లాబు మీద వాళ్ళు వంగి పాడుతుంటే నిలబడి విన్నాను. ఆవిడన్నది అక్షరాలా నిజం. వంగినప్పుడు ఊపిరి బిగబట్టి, ముడి పడ్డాక వదులుతాడు. పాట ఆ ఊపిరి మీదే నడుస్తోంది. నిలబెట్టి మేమే దాన్ని చంపేశాం.

తర్వాతి శుక్రవారం ఎనిమిది గంటలకు ఆ శ్లాబుకు కాంక్రీటు పోయాలి. అందుకని సెలవైనా జట్టంతా తెల్లారకముందే పనిలోకి దిగింది. తెల్లవారుజామున ఫజర్ నమాజు అవగానే ఫయాజ్‌ను సైటుకు పిలిపించాను. ఫోర్‌మన్‌ను బతిమాలి, ఫయాజ్ నెత్తిన హెల్మెట్ పెట్టి, నా పూచీ మీద లోపలికి తెచ్చాను. భూషణం కాలరుకు చిన్న మైకు తగిలించాడు ఫయాజ్. జనరేటర్ ఆపించాం. సముద్రం వైపు నుంచి గాలి కూడా లేదు.

"నీ పని నువ్వు చేసుకో. మేం లేమనుకో" అన్నాను.

మిగిలిన వరసలకు ముడులు వేస్తూ భూషణం పాట ఎత్తుకున్నాడు. ఆరుగురూ అందుకున్నారు. ఏడు నడుములు ఒక్కసారి వంగి, ఒక్కసారి వెనక్కి జరుగుతున్నాయి. పాట ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది, గొంతు ఎక్కడా తగ్గలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడ్చాను. మనిషంటే వీడురా అనుకున్నాను. ఎనిమిదింటికి కాంక్రీటు వచ్చి ఆ ముడులన్నిటినీ కప్పేసింది.

ఆ రికార్డింగును సరళకు పంపాం. మర్నాడు సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. అప్పుడు భూషణమూ నేనూ ఆ శ్లాబు అంచునే ఉన్నాం. ఫోను స్పీకర్‌లో పెట్టాడు. అవతల అంజవ్వ దగ్గు వినిపించింది.

"అరే భూషణం, నాటేసుకుంట పాడినవ్ గదరా" అంది. "ఎవలదిరా గా మడి? నీళ్ళు మంచిగున్నయా?"

భూషణం శ్లాబు వైపు చూశాడు. కొత్త కాంక్రీటు ఎండకు పగలకుండా పొద్దున్నే చుట్టూ గట్లు కట్టి, నీళ్ళు నిలిపారు. పొద్దు వాలుతోంది. ఈ చివర నుంచి ఆ చివరకు నీళ్ళే.

"నిండుగున్నయవ్వా" అన్నాడు.