నాలుగు సెకన్లమ్మ

మా అక్క చేసిన ఆఖరి మామూలు పని కుక్కర్ పిడి మర బిగించడం. స్క్రూడ్రైవర్ సొరుగులోనే ఉంది. అయినా చెంచా కాడతో బిగించింది. "దాన్ని వెతికేలోపు అన్నం ఉడికిపోతుందిరా" అంది. ఆ మధ్యాహ్నం గుండెల్లో బరువుగా ఉందంటే ఆసుపత్రిలో చేర్చాం. ఎనిమిది రోజులు ఉంది. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ ఆసుపత్రికి రెండేళ్ల క్రితం ఆమె పనిచేసే కంపెనీ ఒక ప్రోగ్రామ్ రాసిచ్చింది. అప్పటిదాకా అక్కడ పేర్లూ మంచాలూ ఒక వ్యవస్థలో, పరీక్షల ఫలితాలు మరో దాంట్లో, మందులు ఇంకో దాంట్లో ఉండేవి. ఒక్క రోగి సంగతి తెలియాలంటే నర్సు మూడూ తెరవాలి. మూడింటినీ ఒక్క స్క్రీను మీదికి తేవడం అక్క పని. ఎలా తేవాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

ఆ పేచీ వచ్చిన రోజు అక్కకు ఇంటినుంచే పని. లాప్‌టాప్ వంటగట్టు మీద పెట్టి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. స్పీకరు ఫోనులో అవతల ఆమె మేనేజరు. అన్నిటికీ తొందరపడతాడని ఆఫీసులో ఆయన్ని రైలుబండి అనేవారట.

"పది నిమిషాలకోసారి మూడుచోట్ల నుంచీ నకలు తెచ్చి ఒకచోట పెట్టుకుందాం. రెప్పపాటులో తెరుచుకుంటుంది. నువ్వు చెప్పినట్టు స్క్రీను తెరిచిన ప్రతిసారీ మూడింటినీ వెళ్లి అడిగితే తొమ్మిది సెకన్లమ్మా! నర్సులు కర్రలు పట్టుకొస్తారు."

"రానివ్వండి సార్. డాక్టరు ఆపేసిన మందు పొరపాటున ఇచ్చేశాక వచ్చేవాళ్ల కంటే వీళ్లే నయం."

"పది నిమిషాల్లో కొంపలేం మునిగిపోతాయి?"

"మీదీ మునగదు, నాదీ మునగదు. మంచం మీదున్నవాళ్లది మునుగుతుంది."

ఆయన విసుక్కుని ఫోను పెట్టేశాడు. నాకు అర్థమైనంతలో అడిగాను: "చద్ది వేడిచేసి పెట్టడమా, అప్పటికప్పుడు వండటమా, అంతేనా అక్కా?"

"అంతే. పేరూ మంచం నంబరూ చద్దివైనా పర్లేదు. మందు మాత్రం పొయ్యి మీంచి దిగాలి."

"ఒకవేళ ఆ మందుల వ్యవస్థ పలక్కపోతే?"

"పలకలేదని స్క్రీను మీద రాస్తాను, నర్సును ఫోను చేసి కనుక్కోమంటాను. పాతది మాత్రం చూపించను. కబుర్లాపి ఈ నాలుగు కాయల ఈనెలు తియ్యి."

రైలుబండి తన మాటే నెగ్గించుకున్నాడు. నకలు పద్ధతితో ఒక వార్డులో వారం పరీక్షించారు. మూడో రోజు డాక్టరు రక్తం పలచబడే మందొకటి ఆపించాడు. స్క్రీను మీద అది ఇంకా ఏడు నిమిషాలు అలాగే ఉంది. నర్సు మాత్ర చేతిలోకి తీసుకుంది కూడా. డాక్టరు ఆ పక్క మంచం దగ్గరే ఉండబట్టి చూసి ఆపాడు.

మర్నాడు రైలుబండే ఫోను చేశాడు. "నీ దారే కానీ అమ్మా. కొంచెం తగ్గించు తల్లీ, తొమ్మిది సెకన్లంటే నేను నిద్రపోతాను."

ఒకదాని తర్వాత ఒకదాన్ని అడగడం మాన్పించి, మూడింటినీ ఒకేసారి అడిగేలా అక్క మార్చింది. నాలుగు సెకన్లకు వచ్చింది. అంతకంటే తగ్గలేదు. అప్పటినుంచి ఆయన ఆమెను నాలుగు సెకన్లమ్మ అని పిలిచేవాడు. అక్క కోపం తెచ్చుకోలేదు గానీ, నర్సులు తిట్టుకుంటున్నారని విన్నప్పుడు మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఆమె పోయిన నెలకు కాగితాల కోసం వార్డుకు వెళ్లాను. అక్కను చూసుకున్న నర్సు నన్ను గుర్తుపట్టింది.

"మీ అక్కగారికి ఎంత ఓపికండీ. రోజూ ఈ మాయదారి స్క్రీను తెరుచుకోక తిరుగుతూ కూర్చుంటే, ఏ మహానుభావుడు చేశాడో అని ఆవిడ ముందే తిట్టేదాన్ని. ఆవిడ నవ్వి, 'అవునమ్మా, ఎవరో చాదస్తపు మనిషి అయ్యుంటుంది' అనేవారు. అది తెరుచుకునేదాకా మందు మాత్రం నన్ను చేతిలోకి తీసుకోనిచ్చేవారు కాదు."